ఆర్కిడ్‌కి మట్టి కాదు... గాలి కావాలి!

పుట్టినరోజుకో, గృహప్రవేశానికో ఎవరో ఒకరు ఆర్కిడ్ మొక్క బహుమతిగా ఇస్తారు. రెండు నెలల పాటు ఇల్లంతా దాని కబుర్లే. ‘ఇవి నిజం పువ్వులేనా, ప్లాస్టిక్‌వా?’ అని వచ్చినవాళ్ళు ముట్టుకుని మరీ చూస్తారు. పూలు రాలిపోయాక అసలు కథ మొదలవుతుంది. ఆకులు మెత్తబడతాయి, ఒక్కొక్కటే పసుపు రంగుకి తిరుగుతాయి. ఆర్నెల్లు తిరిగేసరికి కుండీ ఖాళీ. ‘మా ఇంటికి ఆర్కిడ్ అచ్చిరాదండీ’, ‘నా చెయ్యి మంచిది కాదు’ అని తేల్చేసుకుంటాం.

చేతిలో ఏ దోషమూ లేదు. చాలా ఇళ్ళల్లో ఆర్కిడ్ చచ్చిపోయేది ఎండవల్లా కాదు, నీళ్ళు లేకా కాదు. కుండీలో వేళ్ళకు ఊపిరాడక. ఆ ఊపిరి అందించే మిశ్రమాన్ని ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. అందుకు కావలసినవి కొబ్బరికాయల కొట్లోనూ, ఇస్త్రీ బండి దగ్గరా, ఇల్లు కడుతున్న చోటా దొరికేస్తాయి. ఓ ఆదివారం సగంపూట కేటాయిస్తే చాలు.

చెట్టెక్కిన మొక్క

ప్రపంచంలో పాతిక వేలకు పైగా ఆర్కిడ్ జాతులున్నాయి. మనం ఐస్‌క్రీమ్‌లో తినే వెనిలా కూడా ఓ ఆర్కిడ్ కాయ నుంచి వచ్చేదే. వీటిలో ఎక్కువ జాతులు నేలమీద పెరగవు. చెట్ల కొమ్మల్ని కరుచుకుని పైనే బతుకుతాయి. మన దగ్గర ఎక్కువగా దొరికే ఫాలెనాప్సిస్, డెండ్రోబియమ్, వాండా... మూడూ ఈ బాపతే. డెండ్రోబియమ్ అనే గ్రీకు పేరుకు అర్థమే ‘చెట్టు మీద బతికేది’ అని.

చెట్టు మీద పెరిగే దేన్నయినా మన పల్లెల్లో ‘బదనిక’ అనేస్తారు. కానీ అసలు బదనిక చెట్టు రసం పీల్చుకుంటుంది. ఆర్కిడ్ అలా కాదు, పట్టుకోవడానికి కొమ్మను వాడుకుంటుందంతే. తిండి, నీళ్ళు దాని సొంత ఏర్పాటు. వాన పడితే నీళ్ళు, బెరడు సందుల్లో కుళ్ళిన ఆకుల నుంచి కాస్త పోషణ. మిగతా సమయమంతా దాని వేళ్ళు గాలికి వేలాడుతూనే ఉంటాయి.

ఆ వేళ్ళని దగ్గరగా చూడండి. మామూలు వేళ్ళలా సన్నగా ఉండవు. లావుగా, తెల్లగా, సుద్దముక్కల్లా ఉంటాయి. పైనున్న ఆ తెల్లటి పొరను వెలామెన్ అంటారు. అది స్పాంజిలాంటిది. వాన చినుకు తగలగానే నీటిని గబుక్కున పీల్చుకుంటుంది, వేరు ఆకుపచ్చగా మారుతుంది. ఆరిపోతే మళ్ళీ తెలుపు. తడవడం, ఆరడం... వేలయేళ్ళుగా ఆ మొక్కకు అలవాటైన లయ ఇది.

అలాంటి వేరును తెచ్చి ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపిన కుండీలో పాతితే ఏమవుతుంది? మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీళ్ళతో నిండిపోతాయి. స్పాంజి ఎప్పటికీ ఆరదు. లోపలి వేరుకు ఆక్సిజన్ అందదు. వారం పది రోజుల్లో కుళ్ళు మొదలవుతుంది.

ఒకే ఎర్రర్, రెండు కారణాలు

ఇక్కడో చిక్కుంది. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసేవాళ్ళకి ఇది బాగా తెలిసిన తలనొప్పే. స్క్రీన్ మీద కనిపించే ఎర్రర్ ఒకటే, వెనకాల కారణాలు రెండు, అవీ పూర్తిగా వ్యతిరేకమైనవి.

ఆర్కిడ్‌కి నీళ్ళు చాలకపోతే ఆకులు ముడతలు పడి వడలిపోతాయి. నీళ్ళు ఎక్కువై వేళ్ళు కుళ్ళినా ఆకులు ముడతలు పడి వడలిపోతాయి. ఎందుకంటే కుళ్ళిన వేరు నీటిని పైకి పంపలేదు. కుండీ నిండా నీళ్ళున్నా మొక్క మాత్రం దాహంతో ఉంటుంది. మనకు కనిపించేది ఆకే కాబట్టి, ‘అయ్యో ఎండిపోతోంది’ అని ఇంకో చెంబు పోస్తాం. మిగిలిన నాలుగు వేళ్ళూ దానితో పోతాయి.

అందుకే ఆకు చూసి నిర్ణయం తీసుకోకూడదు, వేరు చూసి తీసుకోవాలి. గట్టిగా, తెల్లగానో పచ్చగానో ఉంటే బాగున్నట్టు. గోధుమరంగులో మెత్తగా ఉండి, నొక్కితే తొక్క ఊడి లోపల దారంలా మిగిలితే అది చచ్చిన వేరు.

నూటతొంభై ఏళ్ళ నాటి పాఠం

ఈ పాఠం నేర్చుకోవడానికి ఇంగ్లండ్‌కి కూడా చాలా ఏళ్ళే పట్టింది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడి జమీందార్లకు ఆర్కిడ్ల పిచ్చి పట్టుకుంది. ఉష్ణదేశాల అడవుల నుంచి ఓడల్లో తెప్పించుకునేవారు. ‘వేడి దేశపు మొక్కలు కదా’ అని తలుపులు బిగించిన గాజుగదుల్లో పెట్టి, ఆవిరి పట్టి, ఉక్కపోసేలా ఉంచేవారు. లెక్కలేనన్ని మొక్కలు అలాగే చచ్చాయి.

1830ల్లో ఛాట్స్‌వర్త్ ఎస్టేట్ తోటల పెద్ద జోసెఫ్ పాక్స్‌టన్ పద్ధతి మార్చాడు. వేడి తగ్గించి, గాలి ఆడేలా చేశాడు. మొక్కలు బతికాయి. తర్వాత 1851లో లండన్‌లో క్రిస్టల్ ప్యాలెస్ అనే అద్దాల భవనానికి రూపం ఇచ్చిందీ ఈ పాక్స్‌టనే.

మరి కుండీలో ఏం వేయాలి? ఈ ప్రశ్నకు ఒక్కో ప్రాంతం ఒక్కో జవాబు చెప్పింది. చాలాకాలం ఆస్మండా అనే ఫెర్న్ మొక్క వేళ్ళ పీచు వాడారు. అది అరుదై, ఖరీదు పెరిగాక అమెరికాలో కలప మిల్లుల దగ్గర మిగిలిపోయే ఫర్ చెట్టు బెరడు ముక్కలు వాడకంలోకి వచ్చాయి. థాయ్‌లాండ్ రైతులు కొబ్బరి డొక్కలు, బొగ్గుల మీదే డెండ్రోబియమ్‌లు పండించి పూలు ఎగుమతి చేస్తున్నారు. తేలిందేమంటే, ఇదే వాడాలన్న రూలేమీ లేదు. ఎవరి ఊళ్ళో ఏది చవగ్గా దొరికితే, దేని సందుల్లో గాలి నిలిస్తే అదే మందు. కోనసీమ ఉన్న మనకు ఆన్‌లైన్‌లో విదేశీ బెరడు ప్యాకెట్లే కొనాల్సిన అవసరం లేదు.

మిశ్రమంలోకి ఏమేం కావాలి?

కొబ్బరి డొక్క ముక్కలు: కాయ ఒలిచాక మిగిలే పీచు తొక్క. ఎండు కొబ్బరికాయదైతే మంచిది. బోండాం తొక్క పచ్చిగా ఉంటుంది, త్వరగా కుళ్ళుతుంది. పని: తేమను పట్టి ఉంచడం.

కట్టె బొగ్గు: తేలిగ్గా ఉంటుంది, కుళ్ళదు, ముక్కల మధ్య గాలి బాగా ఆడుతుంది. ఇస్త్రీ బండి దగ్గర అడిగితే ఇస్తారు. మా అపార్ట్‌మెంట్ కింద ఉండే ఇస్త్రీ అన్నని అడిగితే, ‘దేనికి తమ్మీ?’ అన్నాడు. ‘మొక్కకి అన్నా’ అంటే ‘కాలబెడతవా ఏంది?’ అని నవ్వి, ఓ సంచీడు ఇచ్చాడు. ఒక్క జాగ్రత్త: రాక్షసి బొగ్గు వద్దు. బార్బెక్యూ కోసం అమ్మే అచ్చు బొగ్గు బిళ్ళలూ వద్దు, వాటిలో అతుక్కోవడానికి వేరే పదార్థాలు కలుపుతారు.

ఇటుక లేదా పెంకు ముక్కలు: కుండీకి బరువునిస్తాయి, కాస్త తేమ పీల్చుకుని మెల్లగా వదులుతాయి. కొత్త ఇటుకే కొట్టుకోండి. పాత గోడవైతే సిమెంటు, సున్నం అంటుకుని ఉంటాయి. వాటి క్షారగుణం ఆర్కిడ్‌కి పడదు.

స్ఫాగ్నమ్ మాస్: ఇది ఒక్కటే కొనాల్సిన సరుకు, అదీ తప్పనిసరి కాదు. ఎండిన నాచులాంటిది, తన బరువుకు ఎన్నో రెట్లు నీరు పడుతుంది. గాలి పొడిగా ఉండే ఊళ్ళవాళ్ళకి గుప్పెడు ఉపయోగపడుతుంది.

వేయకూడనివి కూడా చెప్పుకోవాలి. మట్టి, ఇసుక, వర్మీకంపోస్టు, పేడ ఎరువు వద్దు. కొబ్బరి పొట్టు, అంటే కోకోపీట్ కూడా వద్దు. డొక్కా, పొట్టూ ఒకే కాయవి కదా అనిపిస్తుంది. కానీ పొడి అయ్యేసరికి సందులు మూసుకుపోతాయి. వస్తువు ఒకటే, సైజు తేడా... అసలు రహస్యమంతా ఆ సైజులోనే ఉంది.

కడగడమే అసలు పని

ముందుగా ముక్కలు కొట్టుకోవాలి. చిన్న మొక్కలకు సెంటీమీటరు సైజు, పెద్దవాటికి రెండు నుంచి మూడు సెంటీమీటర్లు. ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే నష్టం లేదు గానీ, అన్నీ సుమారుగా ఒకే సైజులో ఉండాలి. పెద్దవాటి సందుల్లోకి చిన్నవి దూరితే గాలి దారి మూసుకుపోతుంది. కొట్టాక జల్లెడ పట్టి, కింద పడ్డ పొడి అంతా తీసేయండి. ఆ పొడి మందారానికో, గులాబీకో వేసుకోవచ్చు.

కొబ్బరి డొక్కలో టానిన్లు, లవణాలు ఉంటాయి. ఉప్పు వేళ్ళ కొసల్ని మాడ్చేస్తుంది. అందుకని ముక్కల్ని బకెట్లో వేసి, తేలిపోకుండా పైన బరువు పెట్టి, 24 గంటలు నానబెట్టాలి. మర్నాటికి నీళ్ళు డికాషన్‌లా ఉంటాయి. పారబోసి కొత్త నీళ్ళు పోయండి. రంగు బాగా పలచబడే దాకా ఇలా మూడు నాలుగు రోజులు చేయాలి.

ఓపికున్నవాళ్ళకి ఇంకో మెట్టుంది. ఎరువుల కొట్లో దొరికే కాల్షియం నైట్రేట్‌ని ఐదు లీటర్ల నీటికి ఒక టీస్పూను కలిపి, ఆ నీళ్ళలో ఓ రాత్రి ఉంచాలి. కాల్షియం వెళ్ళి డొక్కలో అతుక్కున్న సోడియంని బయటికి తోసేస్తుంది. తర్వాత మంచినీళ్ళతో కడిగేయాలి. చివరిగా మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు ఉంచితే పురుగుల గుడ్లు, నత్తగుడ్లు లాంటివి పోతాయి. నీడలో ఆరబెట్టాలి.

బొగ్గు, ఇటుక ముక్కల్ని నల్లనీళ్ళు, ఎర్రనీళ్ళు పోయేదాకా కడిగి, కొత్త ఇటుకైతే ఓ రోజు నానబెడితే చాలు.

పాళ్ళు ఎలా?

కొలతకు పాత ప్లాస్టిక్ మగ్గు ఒకటి పెట్టుకోండి. తూకం కాదు, కొలతే లెక్క. ఐదంగుళాల కుండీకి సుమారు ఒక లీటరు మిశ్రమం పడుతుంది.

ఫాలెనాప్సిస్: డొక్క ముక్కలు 3 మగ్గులు, బొగ్గు 2, ఇటుక 1. దీనికి నీరు దాచుకునే గడ్డలు ఉండవు కాబట్టి తేమ కాస్త ఎక్కువ కావాలి.

డెండ్రోబియమ్: డొక్క 1, బొగ్గు 2, ఇటుక 2. దీని లావుపాటి కాడలే నీళ్ళ ట్యాంకులు. తడి త్వరగా ఆరిపోవాలి.

వాండా: దీనికి మిశ్రమమే అక్కర్లేదు. చెక్క బుట్టలో నాలుగు బొగ్గు ముక్కలేసి వేలాడదీయడమే. వేళ్ళు గాల్లో ఊగుతుంటాయి, రోజూ తడపాలి.

ఇవి మొదలుపెట్టడానికి లెక్కలు మాత్రమే. మీ ఊరి గాలిని బట్టి మార్చుకోవాలి. విశాఖ, కాకినాడల్లో గాలిలోనే తేమ ఉంటుంది కాబట్టి ఫాలెనాప్సిస్‌కి కూడా డొక్క ఒక పాలు తగ్గించి బొగ్గు పెంచండి. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం వేసవిలో గాలి పొడిగా ఉంటుంది, డెండ్రోబియమ్‌కి కూడా డొక్క ఒక పాలు పెంచవచ్చు, లేదా గుప్పెడు మాస్ కలపవచ్చు.

ఒక్క మినహాయింపు. స్పాథోగ్లాటిస్ లాంటివి నేల ఆర్కిడ్లు. వాటికి వదులుగా ఉండే, ఆకు ఎరువు కలిపిన మట్టే కావాలి. కొనేటప్పుడు ‘చెట్టుదా, నేలదా?’ అని నర్సరీలో అడిగి తెలుసుకోండి. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు మన ఎండలను తట్టుకునే డెండ్రోబియమ్‌తో మొదలుపెట్టడం మేలు.

వంటింటి త్రాసుతో పరీక్ష

మిశ్రమం సరిగా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు. మొదటిది: కుండీలో నింపి ఓ మగ్గు నీళ్ళు పోయండి. పోసిన నీళ్ళు పైన నిలవకుండా కొన్ని క్షణాల్లోనే కిందికి దిగిపోవాలి. నిలిచాయంటే పొడి మిగిలిందన్నమాట, మళ్ళీ జల్లెడ పట్టాలి.

రెండోది మొక్క పెట్టాక, నీళ్ళు ఎప్పుడు పోయాలో తేల్చుకోవడానికి. పోసిన పది నిమిషాలకు కుండీని వంటింటి త్రాసు మీద పెట్టి బరువు రాసుకోండి. రోజూ అదే వేళకు తూచండి. ఉదాహరణకు 800 గ్రాములతో మొదలై రోజుకు 40, 35, 30 చొప్పున తగ్గుతూ వచ్చి, ఒక దశలో దాదాపు తగ్గడం ఆగిపోతుంది. అంటే లోపల ఆరిపోయినట్టు. డెండ్రోబియమ్‌కైతే అప్పుడు నీళ్ళు పోయాలి, ఫాలెనాప్సిస్‌కైతే అంతకు ఒక రోజు ముందు. రెండు వారాలు ఇలా చేస్తే ఆ తర్వాత త్రాసుతో పనే ఉండదు, చేత్తో ఎత్తి చూస్తే తెలిసిపోతుంది. ‘వారానికోసారి పోయండి’ అనే సలహా కన్నా ఇది నయం. మే నెలలో వారమూ, ఆగస్టులో వారమూ ఒకటి కావు కదా!

కుండీ మార్చే పద్ధతి

పూలన్నీ రాలాక, మొదట్లో కొత్త వేళ్ళు పచ్చటి కొసలతో బయటికి వస్తున్నప్పుడు మార్చడం మంచిది. మొక్కను బయటికి తీసి పాత మిశ్రమం దులిపేయండి. నర్సరీ నుంచి వచ్చిన ఫాలెనాప్సిస్‌కి చాలాసార్లు వేళ్ళ మధ్యలో గట్టిగా కుక్కిన మాస్ ముద్ద ఉంటుంది. పైన ఆరినట్టే కనిపించినా ఆ ముద్ద లోపల తడిగానే ఉంటుంది. దాన్ని నెమ్మదిగా విడదీసి తీసేయాలి.

కత్తెరను మంట మీద కాల్చి, చల్లారాక కుళ్ళిన వేళ్ళను కత్తిరించండి. కోసిన చోట మాత్రమే దాల్చినచెక్క పొడి అద్దండి. మంచి వేళ్ళ మీద చల్లితే వాటినీ ఎండబెట్టేస్తుంది. మొక్కను మధ్యలో పట్టుకుని, చుట్టూ మిశ్రమం పోస్తూ కుండీని మెల్లగా తట్టండి. వేళ్ళతో అదిమి కుక్కొద్దు. ఊగకుండా ఓ పుల్ల పాతి కట్టండి, ఊగితే కొత్త వేళ్ళ కొసలు రాసుకుని పాడవుతాయి. తర్వాత మూడు నాలుగు రోజులు నీళ్ళు పోయకుండా నీడలో ఉంచితే కోతలు మానతాయి.

కుండీ పెద్దదైతే మొక్క త్వరగా ఎదుగుతుందనుకోవడం పొరపాటు. వేళ్ళు పట్టేంత ఉంటే చాలు. అడుగునా పక్కలా రంధ్రాలున్న మట్టికుండీ డెండ్రోబియమ్‌కి బాగుంటుంది. ఫాలెనాప్సిస్‌కి వెలుతురు లోపలికి పోయే పారదర్శక ప్లాస్టిక్ కుండీ అయితే మంచిది. వేళ్ళ రంగు బయటికే కనిపిస్తుంది, వెలుగు తగిలితే ఆ వేళ్ళు కూడా ఆహారం తయారుచేస్తాయి.

నీళ్ళు, ఎరువు

ఈ మిశ్రమంలో పోషకాలు దాదాపు లేవు. కాబట్టి ఎరువు మనమే అందించాలి, కానీ చాలా పలచగా. 19:19:19 పొడిని లీటరు నీటికి అర గ్రాము మించకుండా కలిపి, పెరిగే కాలంలో వారానికోసారి, ముందు మామూలు నీళ్ళతో తడిపాక పోయండి. నెలకోసారి ఎరువు లేని నీళ్ళు ధారాళంగా పోసి మిగిలిన లవణాలు కడిగేయాలి.

బోరు నీళ్ళు గట్టివైతే కుండీ అంచున తెల్లటి పొక్కు కడుతుంది. వాన నీళ్ళు పట్టుకుంటే అంతకన్నా మంచిది లేదు. ఆర్.ఓ. మెషిన్ నుంచి బయటికి పోయే వృథా నీళ్ళు మాత్రం పోయొద్దు, అందులో లవణాలు ఇంకా చిక్కబడి ఉంటాయి.

డొక్క రెండేళ్ళకల్లా మెత్తబడి పొడి అవుతుంది. కుండీలో మళ్ళీ ఊపిరాడని స్థితి వస్తుంది. మిశ్రమం కుంగడం, కుళ్ళు వాసన, నీళ్ళు ఆలస్యంగా దిగడం... వీటిలో ఏది కనిపించినా రెండేళ్ళ దాకా ఆగక మార్చేయండి. బొగ్గు, ఇటుక ముక్కలు కడిగి, మరిగే నీళ్ళలో వేసి మళ్ళీ వాడుకోవచ్చు. జబ్బుతో పోయిన మొక్కవైతే పారేయండి.

కొండమీది మొక్క కొండమీదే

మిశ్రమం చేతికొచ్చాక ఇంకా మొక్కలు పెంచాలనిపిస్తుంది. తూర్పు కనుమల్లో చెట్ల మీద నక్కతోకలా వేలాడే పూలగుత్తి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. అది రింకోస్టైలిస్ రెట్యూసా, అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌ల రాష్ట్ర పుష్పం. దాన్ని పీక్కొస్తే ఎక్కువసార్లు ఇంట్లో బతకదు. అడవిలో ఆ లోటు పూడటం కూడా అంత తేలిక కాదు. ఆర్కిడ్ విత్తనం ధూళంత ఉంటుంది. దానిలో నిల్వ ఆహారం ఉండదు, తగిన శిలీంధ్రం తోడు దొరికితేనే మొలుస్తుంది. మొలిచాక పువ్వు చూడటానికి ఏళ్ళు పడుతుంది.

అందుకే అంతర్జాతీయ వ్యాపారంలో ఆర్కిడ్లన్నీ సైటిస్ ఒప్పందం పరిధిలో ఉన్నాయి. మన దేశంలోనూ నీలి వాండా లాంటి వాటికి వన్యప్రాణి రక్షణ చట్టం రక్షణ ఉంది. టిష్యూ కల్చర్‌లో పెంచిన మొక్కలు నర్సరీల్లో దొరుకుతున్నాయి, అవి కొనుక్కుందాం. సిక్కింలోని పాక్యాంగ్‌లో జాతీయ ఆర్కిడ్ పరిశోధనా కేంద్రం 1996 నుంచి ఈ మొక్కల మీదే పనిచేస్తోంది.

పూలు రాలిపోయిన ఆర్కిడ్ ఒకటి మీ బాల్కనీ మూలన ఇప్పటికే ఉండి ఉంటే, పారేయడానికి ముందు ఒక్కసారి కుండీలోంచి తీసి చూడండి. గట్టిగా ఉన్న వేళ్ళు రెండో మూడో మిగిలినా చాలు, ఆ మొక్కకు ఇంకా అవకాశం ఉంది. ఇవాళే ఓ కొబ్బరి డొక్క నీళ్ళలో నానేయండి. వచ్చే ఆదివారానికి మిశ్రమం సిద్ధం!